ఉయ్యాల మీద మూడో కన్ను

కొవ్వూరు నుంచి పోలవరం వెళ్లే దారిలో గోదారి గట్టును ఆనుకుని ఉంటుంది పట్టిసీమ. ఏటి నడుమ కొండ, కొండ మీద వీరభద్రుడి గుడి, రేవులో పడవలు. ఇవతలి గట్టున ఓ ఇల్లు ఉందనుకోండి. ముందు పెంకుల వసారా, వెనక కొత్తగా వేసిన డాబా, పైన ఒకే ఒక్క గది. పురిటికి వచ్చిన అమ్మాయి ఇంకా పుట్టింట్లోనే ఉంది. 26 వారాల ప్రసూతి సెలవు అయిపోయింది. కొన్నాళ్లు ఇంటి నుంచే పని చేసుకోమన్నారు ఆఫీసువాళ్లు. మేడ మీద గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ల్యాప్‌టాప్ ముందు ఆమె. కింద నట్టింట్లో ఉయ్యాల్లో ఏడో నెల బుడ్డోడు. వంటింట్లో అమ్మమ్మ. గట్టు మీదికి కాలక్షేపానికి వెళ్లిన తాతయ్య. పిల్లాడి నాన్న బెంగళూరులో.

పిల్లాడు నిద్రలేచి ఏడుస్తాడు. కుక్కర్ కూతలో అమ్మమ్మకు వినిపించదు. మీటింగులో ఉన్న తల్లికి అసలే వినిపించదు. వాడు ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డాక ఎవరో ఒకరు పరుగెత్తుకొస్తారు. రెండుసార్లు అలా అయ్యేసరికి అల్లుడుగారు బెంగళూరు నుంచే ఫోనులో వెతకడం మొదలెట్టారు. వైఫై కెమెరా, రాత్రిపూట చూసే కన్ను, ఇటునుంచి మాట్లాడితే అటు వినిపించే స్పీకరు, ఏడుపు వినపడగానే ఫోనుకు కబురు. ఇంకేం కావాలి! ఆర్డరు పెట్టబోతుంటే అమ్మమ్మ కూతురితో ఓ మాటంది: ‘‘అయితే మీ ఆయన అక్కడ కూర్చుని మనింట్లో ఎవరేం చేస్తున్నారో పొద్దస్తమానం చూస్తారా ఏంటే?’’

నవ్వులాటగానే అన్నా అది తీసిపారేయాల్సిన ప్రశ్న కాదు. బేబీ మానిటర్ కొనేటప్పుడు దుకాణంలోగానీ ఆన్‌లైన్‌లోగానీ మనం అడిగేవి ఎన్ని మెగాపిక్సెళ్లు, ఎంత వారంటీ అనే. అమ్మమ్మ అడిగిన ప్రశ్న అట్టపెట్టె మీద ఎక్కడా ఉండదు. అసలు ముందు తేల్చుకోవాల్సింది మాత్రం దాన్నే.

పెద్దింటి పిల్లాడి కోసం...

ఈ వస్తువు నిన్న మొన్నటిదనుకుంటాం. కాదు. 1932 మార్చి 1 రాత్రి. విమానంలో ఒంటరిగా అట్లాంటిక్ మహాసముద్రం దాటి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న చార్లెస్ లిండ్‌బర్గ్ ఇంట్లోంచి ఇరవై నెలల కొడుకును ఎవరో ఎత్తుకుపోయారు. తల్లిదండ్రులు ఇంట్లోనే ఉన్నారు. పిల్లాడు మేడ మీద గదిలో ఉన్నాడు. ఆ ఏడాది మే నెలలో బిడ్డ శవమై దొరికాడు. అమెరికాలో పిల్లలున్న ప్రతి ఇల్లూ ఆ వార్తకు వణికిపోయింది.

జెనిత్ రేడియో కంపెనీ అధిపతి యూజిన్ మెక్‌డొనాల్డ్‌కూ ఓ చిన్న కూతురుండేది. పాప గదిలో చీమ చిటుక్కుమన్నా తనకు వినపడాలన్నది ఆయన కోరిక. అలా 1937లో ‘రేడియో నర్స్’ పుట్టింది. బిడ్డ మంచం దగ్గర ‘గార్డియన్ ఇయర్’ అనే మైకు పెట్టె, పెద్దవాళ్ల దగ్గర రేడియో పెట్టె. దానికి రూపమిచ్చింది ఇసాము నొగుచి, తరవాతి రోజుల్లో జగమెరిగిన శిల్పి. బేకలైట్‌తో చేసిన ముసుగు తలలాంటి ఆ పెట్టె ఇప్పుడు మ్యూజియాల్లో ఉంది. అప్పటి ధర 19.95 డాలర్లు. ఇంటి కరెంటు తీగల మీదుగానే శబ్దాన్ని పంపేది. మధ్యలో వేరే ప్రసారాలు కూడా వచ్చి కలిసేవి. బిడ్డ ఏడుపు కోసం చెవి ఒగ్గితే ఇంకెవరి గొంతో వినిపించడమన్నమాట. ఆ తంటా తొంభై ఏళ్లకీ పూర్తిగా తీరలేదు. ఆ సంగతి తరవాత.

మన ఇళ్లకు ఇలాంటివి అక్కర్లేకపోయింది చాన్నాళ్లు. మండువా లోగిళ్లలో మనుషులకు కొదవుండేది కాదు. దూలానికి ఉయ్యాల, ఉయ్యాలకో తాడు, తాడు కొస వంటింటి గుమ్మం దాకా. బియ్యంలో రాళ్లేరుతూనో, పప్పు రుబ్బుతూనో తాడు లాగుతుంటే ఉయ్యాల ఊగేది. ఊపు ఆగితే పిల్లాడు లేచాడో లేదో ఇంట్లో నలుగురికీ తెలిసేది. ఇప్పుడు ఇల్లు పెద్దదైంది, మనుషులు తగ్గారు. గదికో తలుపు, తలుపు వెనక ఓ ఏసీ.

చెవా? కన్నా?

మార్కెట్లో ఉన్నవాటిని మోటుగా మూడు రకాలు అనుకోవచ్చు. మొదటిది శబ్దం మాత్రమే వినిపించేది. బిడ్డ దగ్గర ఒకటి, మన దగ్గర ఒకటి, రెండు వాకీటాకీల్లాంటి పరికరాలు. రెండోది తెర ఉన్నది. బిడ్డ దగ్గర కెమెరా, మన చేతిలో అరచేయంత తెర. రెండూ ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకుంటాయి. ఇంటర్నెట్‌తో పని లేదు. మూడోది వైఫై కెమెరా. ఇది ఇంట్లో రౌటర్‌కు, అక్కణ్నుంచి ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్‌కు, అక్కణ్నుంచి మళ్లీ మన ఫోనుకు బొమ్మ పంపుతుంది. ఇంట్లో స్మార్ట్ స్పీకరు, స్మార్ట్ టీవీ ఉంటే వాటి మీదా కనిపిస్తుంది.

మన దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయేది ఈ మూడోదే. కారణం సాదాసీదాది. అది చవక. రెండు మూడు వేల రూపాయలకు మామూలు వైఫై కెమెరా వస్తుంది. తెరతో వచ్చే అసలు సిసలు బేబీ మానిటరైతే దానికి రెండు మూడింతలు పెట్టాల్సిందే. పైగా నాన్న బెంగళూరులోనో డాలస్‌లోనో ఉంటే మొదటి రెండు రకాలూ ఆయనకు అక్కరకు రావు. కాబట్టి ముందుగా తేల్చుకోవాల్సింది ఇది: ఈ పరికరం బిడ్డ దగ్గరికి పరుగెత్తాల్సిన మనిషి కోసమా, దూరాన ఉండి చూసి మురిసిపోయే మనిషి కోసమా? ఇవి రెండు వేర్వేరు అవసరాలు. బెంగళూరులో ఉన్న తండ్రి ఫోను ఎంత మోగినా ఉయ్యాల్లో పిల్లాణ్ని ఎత్తుకోలేడు కదా.

పరుగెత్తే మనిషికి చెవి చాలు. అమ్మమ్మ పప్పు పోపు పెడుతూ తెర చూడలేదు. కళ్లజోడు వెతుక్కుని, ఫోను తాళం తీసి, యాప్ తెరిచి, అది తిరిగి తిరిగి బొమ్మ చూపించేసరికి పిల్లాడు ఉయ్యాల అంచు దాకా వస్తాడు. వైఫై కెమెరాల్లో బొమ్మ రెండు మూడు సెకన్లు ఆలస్యంగా రావడం మామూలే. నెట్ మందగిస్తే ఇంకా ఎక్కువ. నేరుగా మాట్లాడుకునే పరికరంలో ఆ బాధ లేదు. శబ్దం మాత్రమే వచ్చేది పాతకాలపుదని చిన్నచూపు చూస్తారుగానీ మనలాంటి ఇళ్లకు అది ఎంతో నయం.

అట్ట మీద ‘300 మీటర్లు’ అని రాసి ఉంటుంది. అది ఏ అడ్డూ లేని మైదానంలో మాట. మట్టిగోడల పాత ఇంటికి, ఇనుప చువ్వల శ్లాబు వేసిన డాబాకు అందులో ఎన్నో వంతు మిగులుతుందో పెట్టి చూస్తేగానీ తెలీదు. మధ్యలో ఇనుప బీరువా ఉంటే మరీనూ. అందుకే వెనక్కి తీసుకునే గడువున్న చోటే కొని, మొదటి రెండ్రోజుల్లోనే ఇల్లంతా తిరిగి చూడాలి. వంటింట్లో నిలబడి, మేడ ఎక్కి, పెరట్లో నూతి దగ్గరికి వెళ్లి. సిగ్నల్ పోయినప్పుడు మన దగ్గరున్న పెట్టె ‘కుయ్’మంటుందో, గమ్మున ఊరుకుంటుందో కూడా అప్పుడే కనిపెట్టాలి. గమ్మున ఊరుకునేదైతే వద్దు. బిడ్డ హాయిగా నిద్రపోతున్నాడని మనం అనుకుంటూ ఉంటాం. అక్కడ వాడు గుక్కపట్టి ఏడుస్తూ ఉంటాడు.

కరెంటు పోతే...

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. ఏటి వెంబడి ఎన్నో ఊళ్లకు కరెంటూ ఫోనూ రెండూ లేవు. అంత వరద ఏటా రాదుగానీ ఈదురుగాలికి స్తంభం ఒరగడం, ట్రాన్స్‌ఫార్మర్ పేలడం ఏటా ఉండేవే. ఇంటింటికీ ఇంటర్నెట్ అంటూ 2017లో మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ తీగ సైతం చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగానే వస్తుంది. స్తంభం పడితే రెండూ పోతాయి.

వైఫై కెమెరా బతకాలంటే మూడు చోట్ల కరెంటుండాలి. కెమెరాకు, రౌటర్‌కు, అవతల నెట్ ఇచ్చేవాళ్ల పెట్టెకు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే మొదటి రెండూ గట్టెక్కుతాయి. అదీ ఆ ప్లగ్గులు ఇన్వర్టర్ లైను మీద ఉంటేనే! చాలా ఇళ్లలో ఫ్యాన్లు, లైట్లకే ఇన్వర్టర్ ఇస్తారు. ప్లగ్గు పాయింట్లకు ఇవ్వరు. కొనే ముందు ఓసారి మెయిన్ ఆపి చూడండి. ఇన్వర్టర్ లేకపోతే రౌటర్‌కు పెట్టుకునే చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి. అలాగే, నెట్ లేకపోయినా ఇంట్లో వైఫై మీదనే బొమ్మ చూపించే కెమెరాలు కొన్ని ఉన్నాయి, చూపించనివి ఎక్కువే. మొబైల్ డేటా ఆపేసి, రౌటర్‌కు వచ్చే నెట్ తీగ పీకి పరీక్షించడమే మార్గం.

నెట్ లేని ఇంట్లో ఫోను హాట్‌స్పాట్‌తో నడిపిద్దామనుకునేవాళ్లకు ఓ లెక్క. బొమ్మ సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున వస్తుందనుకుంటే గంటకు 450 మెగాబైట్లు. రోజుకు 1.5 జీబీ ఇచ్చే ప్యాకు మూడు గంటల ఇరవై నిమిషాల్లో ఖాళీ. తెరిచి చూస్తున్నప్పుడే ఈ ఖర్చు. లోపల మెమరీ కార్డు మీద రికార్డు చేసుకున్నంతసేపు పెద్దగా ఉండదు. ‘క్లౌడ్’ అంటూ నెలనెలా డబ్బు కట్టించుకుని ఎక్కడో దాచేవాటికి మాత్రం రోజంతా డేటా కావాలి.

ఉయ్యాలా, దోమతెరా

కెమెరా కంపెనీలవాళ్లు చెక్క కటకటాల మంచంలో, ఏసీ గదిలో, వెల్లకిలా పడుకున్న బిడ్డను ఊహించుకుని ఈ పరికరాలు చేస్తారు. మన బిడ్డ చీర ఉయ్యాల్లో ఉంటాడు. పక్కనుంచి కెమెరా పెడితే చీరే కనిపిస్తుంది. పైనుంచి పెడదామంటే దూలం, తాళ్లు అడ్డం. కదలిక కనపడగానే కబురు పంపే సదుపాయం ఉందంటారా... ఉయ్యాల ఊగినంతసేపూ ఫోను మోగుతూనే ఉంటుంది. గోడ మీద బల్లి పాకినా మోగుతుంది. రెండ్రోజులకు విసుగెత్తి ఆ కబుర్లు ఆపేస్తాం. ఇక దేనికి కొన్నట్టు?

గోదారి జిల్లాల్లో దోమతెర లేకుండా పసిబిడ్డను పడుకోబెట్టడం కలలో మాట. ఈ కెమెరాలు చీకట్లో చూడటానికి మన కంటికి కనపడని పరారుణ కాంతిని వెదజల్లుతాయి. అది దగ్గర్లో ఉన్న తెల్లని దోమతెర మీద పడి తిరిగి కెమెరా కళ్లలోనే కొడుతుంది. తెర నిండా తెల్లటి మంచు! బిడ్డ కనపడడు. కెమెరాను దూరంగా జరిపి ఏటవాలుగా పెట్టడమో, ఆ కాంతి ఆపేసి గదిలో చిన్న బెడ్‌లైటు వేయడమో చేస్తే కొంత నయం.

శబ్దంతో పనిచేసేవాటికి వేరే తంటాలు. ఏ చప్పుడూ లేనప్పుడు ఊరుకుని, ఏడుపు వినగానే మేలుకునేవి చాలా ఉన్నాయి. వాటికి ‘ఎంత చప్పుడుకు మేలుకోవాలి’ అని మనమే చెప్పుకోవచ్చు. టేబుల్ ఫ్యాను పక్కనే పెడితే ఆ హోరే ఏడుపనుకుంటుంది. శివరాత్రికి పట్టిసీమలో మైకులు మోగితే దానికి ఇక జాగారమే. ఫ్యానుకు దూరంగా, బిడ్డ తల వైపు, ఓ మీటరు ఎడంగా పెట్టుకోవాలి. ఇంకా దగ్గరగా మాత్రం వద్దు. ఎందుకంటే...

తీగతో జాగ్రత్త

2011 ఫిబ్రవరిలో అమెరికాలో ఓ కంపెనీ దాదాపు 17 లక్షల వీడియో మానిటర్ల విషయంలో వెనక్కి తగ్గాల్సి వచ్చింది. వాటి కరెంటు తీగ మెడకు చుట్టుకుని అంతకుముందు ఏడాది ఇద్దరు పసిపిల్లలు చనిపోయారు. అప్పట్నుంచి అక్కడి వినియోగదారుల భద్రతా సంఘం చెబుతున్న మాట ఒకటే. తీగ బిడ్డకు కనీసం మూడడుగుల దూరంలో ఉండాలి. మూడో నెలలో చేయి అందని తీగ ఎనిమిదో నెలలో అందుతుంది. మంచం జరిపిన ప్రతిసారీ దూరం మళ్లీ చూసుకోవాలి. ఉయ్యాల తాళ్లకే కెమెరా కట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

ఇక కాలికి మేజోడులా తొడిగి, గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో ఫోనుకు చెప్పే పరికరాలొచ్చాయి. అమెరికా నుంచి ఎవరో ఒకరు తెస్తూనే ఉంటారు. ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకు ఇవి అవసరం లేదని, నిద్రలో వచ్చే ఆకస్మిక మరణాన్ని ఇవి ఆపుతాయనడానికి ఆధారం లేదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతూనే ఉంది. అలాంటి ఓ మేజోడు కంపెనీకి 2021 అక్టోబరులో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక లేఖ రాసింది. అనుమతి లేకుండా వైద్య పరికరంలా అమ్ముతున్నారన్నది అభియోగం. ఆ కంపెనీయే పరీక్షలకు నిలబడి 2023లో అనుమతి తెచ్చుకుంది. అయినా పసిబిడ్డ ఊపిరి గురించి నిజంగా భయముంటే వెళ్లాల్సింది పిల్లల డాక్టరు దగ్గరికి.

బిడ్డ నిద్ర భద్రంగా ఉండటానికి డాక్టర్లు చెప్పేవాటికి పైసా ఖర్చు లేదు. వెల్లకిలా పడుకోబెట్టాలి. పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి. చుట్టూ దిండ్లు, బొమ్మలు, మెత్తటి దుప్పట్లు వద్దు. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండూ ఇందులోకే వస్తుంది, అమ్మమ్మలకు కోపం వచ్చినా సరే. కనీసం ఆరు నెలలు బిడ్డ మంచం పెద్దవాళ్ల గదిలోనే ఉండాలి. అంటే మొదటి ఆరు నెలలూ రాత్రిపూట మానిటర్‌తో పనే పడకూడదు. చదునైన పరుపు అన్నదాంతో చీర ఉయ్యాలకు పేచీ వస్తుంది. పగలు కాసేపు కళ్లముందు ఊగడం వేరు, రాత్రంతా అందులోనే వదిలేయడం వేరు.

గోడ దూకిన గొంతు

2013 ఆగస్టులో అమెరికాలోని హ్యూస్టన్‌లో ఓ ఇల్లు. రెండేళ్ల పాప గదిలోంచి మగగొంతు. ఇంట్లో ఆ గొంతున్నవాళ్లెవరూ లేరు. తండ్రి పరుగెత్తుకెళ్లి చూస్తే మాట్లాడుతోంది పాప కోసం పెట్టిన కెమెరా. ఎక్కణ్నుంచో ఎవడో అందులోకి చొరబడి నిద్రపోతున్న పాపను పేరుపెట్టి బూతులు తిడుతున్నాడు. ప్రపంచమంతా ఈ వార్త చదివింది.

అదొక్కటే కాదు. ఆ ఏడాదే సెప్టెంబరులో అమెరికా వాణిజ్య సంఘం ఎఫ్‌టీసీ ఓ కెమెరాల కంపెనీతో రాజీ కుదుర్చుకుంది. ఆ కెమెరాల్లోని లోపం వల్ల దాదాపు 700 ఇళ్ల దృశ్యాలు ఎవరుపడితే వాళ్లు చూసేలా బయటికొచ్చాయి. ఉయ్యాల్లో నిద్రపోతున్న పిల్లలు అందులో ఉన్నారు. 2015లో ర్యాపిడ్7 అనే భద్రతా సంస్థ తొమ్మిది బేబీ మానిటర్లను పరీక్షించి బడి పిల్లలకిచ్చినట్టు మార్కులిచ్చింది. ఒకటి తప్ప అన్నీ ఫెయిలే! 2016 అక్టోబరులో ‘మిరాయ్’ అనే దుష్ట ప్రోగ్రాం లక్షలాది కెమెరాలు, రౌటర్లను లొంగదీసుకుని వాటి చేతే అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను కొన్ని గంటలపాటు పడగొట్టింది. దానికి దొరికిన తాళంచెవి ఏమిటో తెలుసా? ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డును ఎవరూ మార్చకపోవడం.

బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి అలాంటి ఊరుమ్మడి పాస్‌వర్డులతో వస్తువులు అమ్మడాన్నే నిషేధించింది. మన దగ్గరా సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేస్తూ 2024 ఏప్రిల్‌లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. అది 2025 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చింది. ఊరూ పేరూ లేని కెమెరా 800 రూపాయలకే వస్తోందని మురిసిపోయేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. కెమెరాలో లోపం బయటపడినప్పుడు దాన్ని సరిచేసే అప్‌డేట్ పంపేందుకు అవతల ఓ కంపెనీ ఉండాలి కదా. కంపెనీ వెబ్‌సైట్లో ‘ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తాం’ అన్న మాట ఉందేమో చూడండి. యాప్ మూతపడితే కెమెరా ఒట్టి ప్లాస్టిక్ ముక్కే.

ఇంట్లో చేయాల్సినవి పెద్ద విద్యలేం కావు. పెట్టె తెరిచిన రోజే పాస్‌వర్డు మార్చాలి. బుడ్డోడి పేరు, పుట్టిన సంవత్సరం కలిపి పెట్టేది పాస్‌వర్డు కాదు. బారసాల పిలుపు అందుకున్న వాళ్లందరికీ అది తెలుసు. రెండంచెల తనిఖీ ఉంటే పెట్టుకోవాలి. అంటే పాస్‌వర్డు తెలిసినా ఫోనుకొచ్చే అంకె లేనిదే తలుపు తీయదు. రౌటర్ పాస్‌వర్డు సంగతి అందరూ మరిచిపోతారు. నెట్ పెట్టిన కుర్రాడు వెళ్తూ వెళ్తూ పెట్టిన పాస్‌వర్డే ఏళ్ల తరబడి ఉంటుంది. చాలా రౌటర్లలో ‘గెస్ట్ నెట్‌వర్క్’ అని రెండో వైఫై పెట్టుకోవచ్చు. కెమెరా, స్మార్ట్ ప్లగ్గు, టీవీ లాంటివన్నీ దానిమీద ఉంచి, బ్యాంకు లావాదేవీలు చేసే ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు అసలు వైఫై మీద ఉంచితే ఒకదాంట్లో దొంగ పడ్డా ఇంకోదాంట్లోకి రావడం కష్టం. పాత కెమెరా అమ్మేసేటప్పుడు మెమరీ కార్డు తీసేసి, రీసెట్ చేయాలి. ఏదైనా జరిగితే సైబర్ నేరాల నంబరు 1930.

అల్లుడుగారు చూస్తారా?

హ్యూస్టన్ దొంగ గురించి భయపడటం తేలిక. ఇంట్లోవాళ్ల గురించి మాట్లాడుకోవడమే కష్టం. అమ్మమ్మ అడిగింది అదే కదా.

ఏడు నెలల పిల్లాడున్న గదిలో వాడొక్కడే ఉండడు. తల్లి పాలిస్తుంది. నలుగు పెట్టి స్నానం చేయించే మనిషి వస్తుంది. అమ్మమ్మ అక్కడే ఓ మూల చీర మార్చుకుంటుంది. పనిమనిషి వంగి ఊడుస్తుంది. తల్లీకూతుళ్లు అత్తవారి గురించి నాలుగు మాటలు మాట్లాడుకుంటారు కూడా! ఇవన్నీ బొమ్మా శబ్దంతో సహా ఎక్కడో సర్వర్ మీద ఉంటాయి. ఆ యాప్ బెంగళూరులో అల్లుడి ఫోనులో ఉంది. ఆయన మురిపెంగా వాళ్లమ్మగారికీ పాస్‌వర్డు ఇస్తే అక్కడా ఉంటుంది. వాళ్ల ఇంట్లో స్క్రీనున్న స్మార్ట్ స్పీకర్‌కు కలిపారనుకోండి, హాల్లో కూర్చున్న చుట్టాల్లో ఎవరైనా ‘బాబు గది చూపించు’ అంటే చూపించేస్తుంది.

ఎవరికీ దురుద్దేశం ఉండదు. అయినా కోడలికి, కూతురికి ఊపిరాడదు. పాలిచ్చేటప్పుడు కెమెరా వైపు వీపు పెట్టి కూర్చోవడం అలవాటైపోతుంది. అందుకని కొనేటప్పుడే మూడు సంగతులు అడగాలి. కంటికి మూత ఉందా? చిన్న తలుపులా జారేదైతే మంచిది. లేకపోతే చేతిగుడ్డ కప్పినా చాలు. ఎవరైనా చూస్తున్నప్పుడు కెమెరా మీద దీపం వెలుగుతుందా? ఒక్కో మనిషికి వేరే ఖాతా ఇచ్చి ఎవరు ఎప్పుడు చూడొచ్చో, వినొచ్చో హద్దు పెట్టే వీలుందా? ఒకే పాస్‌వర్డును పదిమందికి పంచాల్సిన కెమెరా ఉమ్మడి కుటుంబానికి పనికిరాదు. స్మార్ట్ స్పీకర్‌కు, టీవీకి ఈ గదిని కలపనే వద్దు. వీధి గుమ్మం కెమెరాను కలుపుకోండి, ఎవరొచ్చారో కనిపిస్తుంది.

ఆయాకో, పనిమనిషికో కెమెరా ఉందని ముందే చెప్పడం మర్యాద. చెప్పకుండా పెట్టి పట్టుకుందామనుకునేవాళ్లు చట్టాన్నీ తెలుసుకోవాలి. అనుమతి లేకుండా ఒకరి శరీరంలోని గోప్యమైన భాగాలను చిత్రీకరించినా, పంపినా సమాచార సాంకేతిక చట్టం 66ఈ సెక్షను కింద మూడేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. ‘మా ఇల్లు, మా కెమెరా’ అంటే కుదరదు.

సూట్‌కేసులో వచ్చేవి

డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో చిన్నాన్న మోసుకొచ్చే మానిటర్‌కు వేరే కథ. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. అడాప్టర్ మీద ‘100-240’ అని ఉంటే పిన్ను మార్చి పెట్టుకోవచ్చు. ‘120’ అని మాత్రమే ఉంటే పెట్టిన మరుక్షణం పొగే. రెండోది తరంగాల గొడవ. అమెరికాలో అమ్మే ‘డెక్ట్ 6.0’ రకం మానిటర్లు 1920 నుంచి 1930 మెగాహెర్ట్జ్ మధ్య మాట్లాడుకుంటాయి. మన దేశంలో అవి మొబైల్ సర్వీసులకు కేటాయించిన తరంగాలు. వాడితే దగ్గర్లోని సెల్ టవర్‌కు చిరాకు పుడుతుంది. నిబంధనలకూ విరుద్ధం. 2.4 గిగాహెర్ట్జ్ మీద నడిచేవాటికి ఆ పేచీ లేదు. చిన్నాన్నను నొప్పించకుండా ఈ మాట టికెట్టు కొన్నప్పుడే చెప్పేస్తే మేలు.

ఇంతకీ పట్టిసీమ ఇంట్లో ఏం చేసుంటారు? పగలంతా శబ్దం పెట్టె ఒకటి ఉయ్యాలకు దూరంగా గూట్లో, దాని జోడు వంటింటి అరుగు మీద పోపుల పెట్టె పక్కన. వినపడుతుందో లేదో చూద్దామని తాతయ్య ఉయ్యాల దగ్గర నిలబడి దగ్గితే, ‘‘ఆయ్, వినపడిందండీ’’ అంటుంది అమ్మమ్మ వంటింట్లోంచి. మేడ మీది గదికి ఇంకో పెట్టె. వైఫై కెమెరా కూడా వచ్చిందిగానీ దానికి వేళ పెట్టారు. సాయంత్రం ఆరున్నర నుంచి ఏడింటి దాకా, వాళ్ల నాన్న ఆఫీసు నుంచి వచ్చాక. మిగతా వేళంతా దాని మీద పిల్లాడి పాత టోపీ కప్పి ఉంటుంది.

ఆరున్నరయ్యేసరికి టోపీ తీసేది అమ్మమ్మే. దానికి ముందు అద్దం చూసుకుని, తల దువ్వుకుని, కొంగు సర్దుకుంటుంది. అల్లుడుగారు చూస్తారు కదా మరి!